నౌపడా చిన్న బండి

(శతజయంతి వారోత్సవాలలో పాత ఫోటోల ప్రదర్శన ప్రారంభించిన సాయంత్రం సంఘ హాలులో ఇచ్చిన ప్రసంగ పాఠం)



ఈ ప్రదర్శన కోసం కమిటీవారు ఇంటింటికీ వెళ్ళి ఆల్బములు అడిగినప్పుడు మీరందరూ గుడి శంకుస్థాపన ఫోటోలూ, బాప్తిస్మాల ఫోటోలూ, పెండ్లి ఫోటోలూ, ఆదివార బడి పిల్లల గ్రూపు ఫోటోలూ ఇచ్చారు. నేను మాత్రం ఒక రైలుబండి ఫోటోలు పదహారు పట్టుకుపోయి ఇచ్చాను. సెక్రటరీగారు వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "మాస్టారూ, ఇది మన డయాసిస్‌లో తిరిగిన బండి కాదు గదండీ!" అన్నారు. ఆ మాట నిజమే. అది శ్రీకాకుళం జిల్లాలో బయలుదేరి ఒరిస్సాలోకి పోయే బండి. అయితే నేనూ అక్కడినుంచి వచ్చినవాణ్ణే. బడిపంతులు ఉద్యోగం నన్ను గోదావరి ఒడ్డుకు తెచ్చింది, మీరు మీలో ఒకణ్ణి చేసుకున్నారు. నాతోపాటు నా బండిని కూడా చేర్చుకోక తప్పదని మనవి చేశాను. ఆయన నవ్వి మూడో బల్ల ఇచ్చారు. ఆపైన, ఊరికే ఫోటోలు పెడితే ఎవరికేం తెలుస్తుంది, నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆ నాలుగు మాటలే ఇవి. నాలుగుతో ఆగకపోతే క్షమించాలి, నలభై ఏళ్ళు పాఠం చెప్పిన నోరు.

ముందు ఆ బండి సంగతి. హౌరా - మద్రాసు పెద్ద లైనులో టెక్కలికి దగ్గరలో నౌపడా అనే స్టేషను ఉంది. సముద్రం పక్కన, ఉప్పు మళ్ళ మధ్య. కోస్తా పొడుగునా పెద్ద లైను పడింది 1890ల్లో. పర్లాకిమిడి జమీందారీ రాజధాని ఆ లైనుకు పాతిక మైళ్ళ లోపల ఉండిపోయింది. రాజావారు మద్రాసు వెళ్ళాలన్నా, కలకత్తా వెళ్ళాలన్నా నౌపడా దాకా బండి కట్టించుకొని రావాలి. అందుచేత గౌరచంద్ర గజపతి మహారాజు తన సొమ్ముతోనే ఒక చిన్న లైను వేయించుకోవాలని సంకల్పించి, 1898లో ప్రభుత్వం దగ్గర అనుమతి పుచ్చుకున్నారు. ఆ రోజుల్లో ఏడు లక్షల రూపాయలు అయిందట. 1900 ఏప్రిల్ 1వ తేదీన నౌపడా నుంచి పర్లాకిమిడికి బండి నడిచింది. పర్లాకిమిడి లైట్ రైల్వే అని దాని పేరు. పట్టాలకూ పట్టాలకూ మధ్య ఎడం రెండున్నర అడుగులు. మన పెద్ద లైనులో అయిదున్నర అడుగులు ఉంటుంది గదా, అందులో సగం కూడా లేదన్నమాట.

మీకు ఒక పోలిక చెబుతాను. అదే 1900వ సంవత్సరం ఆగస్టులో ఇక్కడ రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన తెరిచారు. ఇక్కడ అంత మహానది మీద ఇనుప వంతెన, అక్కడ రెండున్నర అడుగుల బొమ్మ బండి, రెండూ ఒక్క ఏడాది బిడ్డలు. హేవలాక్ వంతెన మీద రైళ్ళు 1997లో ఆపేశారు. మా బండి ఇంకో ఏడేళ్ళు బతికింది.

మొదటి పదేళ్ళూ ఆ లైను నష్టాల్లోనే నడిచిందట. 1910 తరువాత కాస్త లాభం కనిపించింది, 1924-25 తరువాత బాగా పుంజుకుంది. దానితో లైను పొడిగించాలనే ధైర్యం వచ్చి, 1929లో కొంత, 1931లో కొంత వేసి, వంశధార పక్కనే గుణుపురం దాకా తీసుకుపోయారు. మొత్తం తొంభై కిలోమీటర్లు. ఆ 1931లోనే గిడుగు రామమూర్తి పంతులుగారు రాసిన సవర భాషా వ్యాకరణం అచ్చయింది. ఈ రెంటికీ సంబంధం ఏమిటంటారేమో! పంతులుగారు పర్లాకిమిడి బడిలో చాకిరీ చేస్తూ, కొండలమీది సవరల మాట నేర్చుకొని, ఆ భాషకు పుస్తకాలు చేసినవారు. మనం నేడు మాట్లాడినట్టే రాసుకొంటున్నామంటే ఆయన పడ్డ పోట్లాటే కారణం. ఆ ఊళ్ళో అన్నేళ్ళు ఉన్న మనిషి మా బండి ఎక్కకుండా ఉంటారా? ఎక్కే ఉంటారని నా నమ్మకం. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి మన రాజమండ్రి వచ్చేశారు. అప్పటినుంచి మా బండి రెండు రాష్ట్రాల బండి అయింది. పాతపట్నం మనది. మహేంద్రతనయ ఏరు దాటితే పర్లాకిమిడి వాళ్ళది. స్టేషను బోర్డు మీద లిపి మారేది గాని పెట్టెలోని మాటలు మారేవి కావు. ఒకే బల్ల మీద ఒకరు తెలుగులో బేరమాడితే ఇంకొకరు ఒడియాలో ఒప్పుకొనేవారు, మూలన కూర్చున్న సవర ముసలాయన రెండూ విని నవ్వుకొనేవాడు.

ఇంక చరిత్ర చాలు. బండి ఎక్కుదాం.

మా ఊరు టెంబూరు దగ్గర. రైలు అంటే మాకు టైము. "కింద బండి" వెళ్ళిందంటే ఆడవాళ్ళు పొయ్యి రాజేసేవారు, "మీద బండి" వచ్చిందంటే పశువులు ఇంటికి మళ్ళేవి. టైమంటే మళ్ళీ గడియారం చూసి కాదండి. బండి ఆలస్యమైతే ఊరంతా ఆలస్యమే. తొంభై కిలోమీటర్లకు నాలుగైదు గంటలు పట్టేది. ఎగువ ఎక్కేచోట కుర్రవాళ్ళు దిగి పక్కన నడిచి, మళ్ళీ పరిగెత్తి ఎక్కేవారు. ఇది కథ కాదు, నేను కూడా చేశాను, మోకాలి మీద మచ్చ ఉంది. ఇంజన్లు ఇంగ్లండులో స్టోక్ అనే ఊళ్ళో కెర్ స్టువర్ట్ కంపెనీవారు చేసినవి. చిన్నవే, కాని ఆయాసం మాత్రం పెద్దది. నిప్పురవ్వలు వచ్చి చొక్కాలమీద పడేవి. పెండ్లికి వెళ్ళేవాళ్ళు కొత్త బట్టలు మూటలోనే ఉంచుకొని, దిగిన తరువాత స్టేషను వెనక కట్టుకొనేవారు.

ఆ బండిలో మీదికి పోయేది ఉప్పు, కిందికి వచ్చేది చింతపండు. నౌపడా ఉప్పు కొటార్ల నుంచి బస్తాలు కొండ సంతలకు పోయేవి. అక్కడినుంచి చింతపండు, కొండచీపుళ్ళు, పనసపళ్ళు, అడ్డాకుల కట్టలు దిగేవి. పనసపళ్ళ కాలంలో పెట్టెలో అడుగు పెడితే ఆ వాసనకు తల తిరిగేది. కొండలలో పనిచేసే పాస్టరుగారలు, ఉపదేశులు నడిచి దిగివచ్చి పర్లాకిమిడిలో ఈ బండే పట్టుకొనేవారు. ఒక పాస్టరుగారు ఎప్పుడూ ఒక కోడిపుంజును చంకలో పెట్టుకొని ఎక్కేవారు. ఎవరో సంఘస్థులు ఇచ్చిన కానుక. గార్డు ప్రతిసారీ "దీనికి టిక్కెట్టేదయ్యా?" అనేవాడు, ప్రతిసారీ ఆయన "దానికింకా మారుమనస్సు కలగలేదు బాబూ, కలిగితే తీస్తాను" అనేవారు. ఎన్నిసార్లు విన్నా పెట్టె పెట్టెంతా నవ్వేది.

ఇప్పుడు మూడో బల్లమీది ఫోటోల సంగతి. విశాఖపట్నంలో రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న నా మిత్రుడొకరున్నారు. ఆయనకు ఇదే పిచ్చి. ఆయనలాటివాళ్ళు మరికొందరు, విశాఖలోనూ, బరంపురంలోనూ, దూరదేశాల్లోనూ ఉన్నారు. ఒకరి దగ్గరున్న ఫోటో ఇంకొకరికి నకలు తీసి పంపుకొంటారు. ఇది ఏ ఇంజను, ఏ ఏడాది, ఏ మలుపు అని నెలల తరబడి వాదించుకొంటారు. మొదట్లో నాకు నవ్వు వచ్చింది. ఇంజను పొగగొట్టం మూత గుండ్రమా, పలకా అని యాభై ఏళ్ళు దాటిన పెద్దమనుషులు జగడం ఆడడమేమిటి! తరువాత తరువాత అర్థమైంది. వాళ్ళు మనకంటే శ్రద్ధగా చూస్తారు. మనం బండి ఎక్కాం గాని చూడలేదు.

అయితే ఒక చిన్న ఫిర్యాదు లేకపోలేదు. బొగ్గు ఇంజన్లు కనుమరుగై పోతున్నాయని 1970లు, 80లలో వాటి ఫోటోలు తీయడానికి మన దేశానికి తెల్లవాళ్ళు, మన పట్నవాసులు కూడా వచ్చేవారు. వాళ్ళ ఫోటోలలో ఇంజను నడుమ ఉంటుంది, మెరుస్తూ ఉంటుంది. మనుషులు అంచుల్లో ఉంటారు. ఒకరికి తల ఉండదు, ఒకరికి కాళ్ళుండవు. నా మిత్రుడు నడుమ చూస్తాడు, నేను అంచులు చూస్తాను. మీరు కూడా బల్ల దగ్గరికి వచ్చినప్పుడు అంచులే చూడండి. పుట్టగొడుగులు తాటాకులో పెట్టి అమ్ముతున్న పిల్ల, నీళ్ళ కుళాయి కింద తల పెట్టిన ఫైర్‌మేన్, నెత్తిన తట్టతో పరిగెత్తుతున్న ఆమె, అందరూ అక్కడే ఉన్నారు. నౌపడా ప్లాట్‌ఫారం ఫోటోలో ఒక కుర్రవాడు కెమెరావైపు చూసి నాలుక చాపాడు. వాడికిప్పుడు యాభై దాటి ఉంటాయి.

ఆ పదహారింటిలో పదకొండో ఫోటో చూడమని మిమ్మల్ని ప్రత్యేకంగా కోరుతున్నాను. దాని సంగతి చెప్పడానికే నిజానికి నేను ఒప్పుకొన్నాను.

మా నాన్న ఆ లైనులో కీమేన్. కీమేన్ అంటే తెలియనివారికి చెబుతాను. రోజూ తెల్లవారుజామున, బండి రాకముందు, తన వంతు నాలుగు మైళ్ళ పట్టా నడిచి చూడాలి. పట్టాను స్లీపరుకు బిగించే తాళాలు వదులైతే సుత్తితో కొట్టి బిగించాలి. పట్టా పగిలినా, కట్ట కోసుకుపోయినా ఎర్రజెండా పట్టుకొని బండికి ఎదురు పరిగెత్తాలి. భుజాన సుత్తి, చంకలో రెండు జెండాలు, నడుముకు సద్దిమూట. ముప్ఫై ఏళ్ళు అలా నడిచాడు. కుడి భుజం ఒకప్పుడు స్లీపరు మోస్తుండగా దెబ్బతిని వంకర అయింది, అందుచేత సుత్తి ఎప్పుడూ ఎడమ భుజానే పెట్టేవాడు. ఈ మాట గుర్తుంచుకోండి.

నేను పర్లాకిమిడి కాలేజీలో చదివేరోజుల్లో రోజూ ఈ బండిమీదే వెళ్ళి వచ్చేవాణ్ణి. తెల్ల చొక్కా, చేతిలో పుస్తకాలు, చుట్టూ కరణంగారబ్బాయి, షావుకారుగారబ్బాయి. ఒకనాడు బండి ఒక మలుపులో నెమ్మదించింది. నాన్న పట్టా దిగి, గట్టుమీద నిలబడి, దారి ఇచ్చాడు. కీమేన్ అలా దిగి నిలబడడం రోజూ జరిగేదే. కాని ఆనాడు మా పెట్టె సరిగ్గా ఆయన ఎదట నడిచినంత నెమ్మదిగా కదిలింది. ఒంటిమీద చొక్కా లేదు, మోకాళ్ళదాకా బురద. నన్ను చూశాడు. చూసి చెయ్యి ఎత్తబోయాడు. నేను తల తిప్పుకొని, పక్కవాడి పుస్తకంలో ఏదో చూస్తున్నట్టు వంగాను. ఆయన చెయ్యి దించేశాడు. సాయంత్రం ఇంటికి వచ్చాక ఏమీ అనలేదు. అన్నం దగ్గర నా కంచంలో చేపముక్క ఎక్కువ వేయమని అమ్మతో చెప్పాడు, అంతే. పద్దెనిమిదేళ్ళవాణ్ణి నేను. ఆ తరువాత ఆయన పదిహేనేళ్ళు బతికాడు, నేను ఆ మాట ఎత్తలేదు. ఎలా ఎత్తను?

మా నాన్న ఫోటో మా ఇంట్లో లేదు. ఉండేది ఒకటే. రిటైరయ్యేముందు పింఛను కాగితాలకోసం అమ్మతో కలిసి స్టూడియోలో తీయించుకొన్నది. మూడు కాపీలు తీస్తే రెండు ఒక ఆఫీసు పుచ్చుకొంది. అమ్మ పింఛనుకు మళ్ళీ అవసరం పడినప్పుడు వెళ్ళి అడిగితే ఫైలు దొరకలేదన్నారు. మూడోది టెక్కలిలో మా అప్ప ఇంట్లో గోడకు ఉండేది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా వైపు తీరం దాటింది మీకు గుర్తుండే ఉంటుంది. కొబ్బరితోటలూ జీడితోటలూ నేలమట్టమైపోయాయి. ఆ రాత్రి మా అప్ప ఇంటి రేకులు లేచిపోయి, తెల్లారేసరికి పటంలో అద్దం వెనక తెల్ల మరక మిగిలింది. అమ్మ చీర అంచు మాత్రం కనిపిస్తూంది. నాన్న లేడు.

ఈ పరిస్థితిలో ఒకనాడు నా మిత్రుడు ఇంకో కట్ట ఫోటోలు పంపాడు. అందులో ఇది. ఇంజను ఎదురుగా వస్తూంది, పొగ ఎడమవైపు వంగింది. కుడి అంచున ఒక మనిషి పట్టా దిగి గట్టుమీద నిలబడ్డాడు. సగం మనిషే పడ్డాడు. ఒక చెవి, మెడ, భుజం, భుజంమీద సుత్తి కర్ర. ముఖం ఫోటోకు బయట ఉండిపోయింది. భుజం ఎడమ భుజం.

నాకు చేతులు వణికాయి. వెంటనే మిత్రుడికి చెప్పాను. ఆయన శాంతంగా, "ముందు ఫోటో తిరగబడలేదని చూసుకోండి" అన్నాడు. ఫిలిము తిరగవేసి ముద్రిస్తే ఎడమ కుడి అవుతుందట. భూతద్దం పెట్టి చూశాం. ఇంజను మీది అంకెలు సరిగానే చదవడానికి వచ్చాయి. తిరగబడలేదు. అయితే రెండో చిక్కు వచ్చింది. ఫోటో వెనక తీసినవారు పెన్సిలుతో "గుణుపురం సమీపం, డిసెంబరు 1980" అని రాసుకొన్నారు. మా నాన్న పట్టా టెంబూరు దగ్గర. గుణుపురం ఆయనకు అరవై కిలోమీటర్ల పైమాటే. అక్కడ ఆయన ఎందుకుంటాడు? ఎడమ భుజాన సుత్తి పెట్టుకొనే కీమేన్ లోకంలో ఒక్కడే ఉంటాడా? మనసు చంపుకొని కాదనుకొన్నాను.

కిందటి ఏడు మా అప్పను చూడబోయినప్పుడు ఫోటో వెంట తీసుకువెళ్ళాను. ఆమెకు డెబ్బై అయిదు దాటాయి, చూపు తక్కువ. కిటికీ దగ్గరికి పెట్టుకొని చాలాసేపు చూసింది. "అయ్యే" అంది. నేను గుణుపురం మాట చెప్పాను. అప్పుడామె, "ఓరి నీ సదువు తగలెయ్య! ఆ ఏడు వంశధార వరద మర్చిపోనావా?" అంది.

నిజమే, 1980 సెప్టెంబరులో వంశధారకు మహా వరద వచ్చింది. గుణుపురం ప్రాంతం అల్లకల్లోలమైంది. ఆ వరదకు ఎగువన లైను కట్ట కోసుకుపోతే, కింది గ్యాంగులనుంచి మనుషులను ఏరి మీదికి పంపారని మా అప్ప చెప్పింది. నాన్న కూడా వెళ్ళాడట. "ఆ ఏడు క్రిస్మస్‌కి అయ్య ఇంటికి రానేదు. అమ్మ గారెలు ఒండి, ఓ డబ్బాలో పెట్టి, గార్డుబాబు చేత మీదకి పంపింది. నువ్వెక్కడున్నావు?" అని అడిగింది. నేను ఆ ఏడే ఇక్కడ ఉద్యోగంలో చేరాను. సెలవు లేదని ఉత్తరం రాసి ఊరుకొన్నాను. ఇంటిలో నాన్న కూడా లేడని నాకు తెలియనే తెలియదు.

మిత్రుడు ఇంకా ఒప్పుకోలేదు. ఆయన పద్ధతి ఆయనది. వరద పనికి పంపినవాడు మట్టి తట్ట మోస్తాడు గాని సుత్తి భుజాన పెట్టుకొని పట్టా ఎందుకు తనిఖీ చేస్తాడు అంటాడు. కొత్త కట్ట మీద పట్టా కుదురుకొనేదాకా రోజూ బిగించవలసి ఉంటుంది గదా, దానికి అనుభవం ఉన్న కీమేన్‌నే పెడతారు గదా అని నేను అంటాను. కావచ్చు అంటాడు. అవును అనడు. ఆయన ఆ మాట అనేదాకా ఫోటో కింద నాన్న పేరు రాయకూడదని నేనూ నిర్ణయించుకొన్నాను. అందుకే మీకు పదకొండో ఫోటో కింద చీటీ ఖాళీగా కనిపిస్తుంది. కమిటీవారి పొరపాటు కాదు.

బండి ఎలా ఆగిపోయిందో చెప్పి ముగిస్తాను. ఆ చిన్న లైనును పెద్ద లైను చేయడానికి 2002లో శంకుస్థాపన జరిగింది. 2004 జూన్ 9న చిన్న బండి చివరిసారి నడిచింది. అప్పటికి బొగ్గు ఇంజన్లు పోయి డీజిలు ఇంజన్లు లాగుతున్నాయి. నేను వెళ్ళలేదు. బడులు తెరిచే రోజులు, చేర్పుల పని అని చెప్పుకొన్నాను. అప్ప మనుమలిద్దరినీ తీసుకొని టెక్కలిలో ఎక్కింది. ఇంజనుకు పూలదండలు వేశారట, జనం పైకప్పుల మీదికి కూడా ఎక్కారట. టెంబూరు దగ్గర ఒక ముసలమ్మ కొబ్బరికాయ పట్టా మీద కొట్టి, పట్టాను ముట్టుకొని కళ్ళకద్దుకొందట.

నేను పాతదంతా బంగారమని చెప్పేవాణ్ణి కాను. పెద్ద లైను కావాలని అర్జీల మీద సంతకాలు పెట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మా అమ్మకు గుండె జబ్బు వచ్చినప్పుడు ఆ బండిలో నౌపడా దాకా వచ్చి, అక్కడ ప్లాట్‌ఫారం మీద పడుకోబెట్టి, విశాఖ పోయే పెద్ద బండి కోసం గంటలు కాచుకొన్నవాళ్ళం మేము. ఇప్పుడు గుణుపురంలో ఎక్కినవారు మారకుండా విశాఖపట్నంలో దిగుతున్నారు. అది మంచిదే. కాని 2004లో పట్టాలు తీసేసిన తరువాత పర్లాకిమిడికి మళ్ళీ బండి రావడానికి 2010 అయింది, గుణుపురానికి 2011. ఆ ఆరేడేళ్ళూ చీపుళ్ళ కట్టలు అమ్ముకొనే సవర ఆడవాళ్ళు ఏం చేశారు? బస్సువాడు కట్టకింత అని కూలి అడిగేవాడు. కొందరు సంతకు రావడమే మానుకొన్నారని అప్ప చెప్పింది. మళ్ళీ రైలు వచ్చేసరికి వాళ్ళ పిల్లలు వేరే ఊళ్ళకు ఇటుక పనికి పోయారు. ఈ సంగతి ఏ ఫోటోలోనూ లేదు.

మీలో కొందరు కోటిపల్లి లైను గుర్తు చేసుకొంటున్నారని మీ ముఖాలే చెబుతున్నాయి. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో లైను వేసి, యుద్ధానికి ఇనుము కావాలని 1940లో పెరికి పట్టుకుపోయారు. మన సంఘంలోనే కీర్తిశేషులైన ఒక పెద్దాయన, చిన్నతనంలో పట్టాలు పీకుతూంటే గట్టుమీద కూర్చుని చూశానని నాతో చెప్పేవారు. ఆ లైను మళ్ళీ వేసి బండి నడిపినది కూడా 2004లోనే. మా వైపు ఒకటి మూసిన ఏడే మీ వైపు ఒకటి తెరిచారన్నమాట. ఆ పాత కోటిపల్లి బండి ఫోటో ఒక్కటైనా ఎవరి పెట్టె అడుగునైనా ఉంటే దయచేసి తీసుకురండి. నా బల్లమీద చోటు ఉంది, సెక్రటరీగారి అనుమతి నేను తీసుకొంటాను.

ఇంకొక్క మనవి. మీలో ఎవరైనా 1980 ప్రాంతంలో గుణుపురం, కాశీనగరం వైపు ఉద్యోగం చేసినవారుంటే, లేదా అక్కడి కోడళ్ళు, అల్లుళ్ళు ఉంటే, పదకొండో ఫోటోలో మనిషి వెనక కనిపించే రాతి కల్వర్టు ఏ ఊరి దగ్గరదో చూసి చెప్పండి. భూతద్దం బల్లమీదే పెట్టాను, దారంతో కట్టాను, పిల్లలు పట్టుకుపోకుండా. వచ్చే ఆదివారం మా అప్ప టెక్కలినుంచి వస్తూంది. ఆరాధన అయ్యాక ఆమె ఆ బల్ల దగ్గరే కూర్చుంటుంది. గుర్తుపట్టినవారు నాతో కాదు, ఆమెతో చెప్పండి.